చెద దారిని దులిపే ముందు

మీరు రాసినదాంట్లో మూడు ముక్కలున్నాయి. తొలి వాన పడిన మర్నాడు పొద్దున్నే కిటికీ గట్టు మీద సన్నటి రెక్కలు కుప్పగా పడి ఉన్నాయి. పది రోజుల తర్వాత గుమ్మం పక్కన, నేల నుంచి ద్వారబంధం మీదికి మోకాలెత్తున మట్టి గీత ఒకటి పాకింది. చూడగానే దాన్ని చీపురుతో దులిపేశారు. ఇవి చెదలేనా లేక రెక్కల చీమలా, చెదలే అయితే ఎంత దూరం పాకాయో ఎలా తెలుస్తుంది అన్నది మీ ప్రశ్న.

గీత సంగతి మీరు చెప్పిన తీరును బట్టే చెప్పగలను. నేలనూ చెక్కనూ కలుపుతూ పాకిన మట్టి గీత దాదాపుగా చెదే. రెక్కల సంగతి మాత్రం చూస్తే గానీ తేలదు. ఎలా చూడాలో రాస్తాను. దులిపినందుకు మిమ్మల్ని తప్పు పట్టను. ఇళ్లలో చెదల తనిఖీ పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. నేను వెళ్లేసరికి గీత చెక్కుచెదరకుండా ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గోడ మీద మట్టి కనబడితే చెయ్యి ఊరుకోదు. కానీ చెద మన కంటబడకుండా పనిచేసే పురుగు. మనకు చిక్కేది దాని జాడ ఒక్కటే. ఆ జాడను తుడిచేస్తే గోడ శుభ్రపడుతుంది, చెదకు ఏమీ కాదు, తనిఖీకి వచ్చినవాడికి మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకుండా పోతుంది.

ముందు రెక్కలు. ఇంకా చెత్తబుట్టలో ఉంటే నాలుగైదు తీసి తెల్ల కాగితం మీద పరవండి. వానల తొలి రోజుల్లో దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు చెదల కుటుంబంలోవే. కొత్త కాపురం పెట్టడానికి పుట్ట విడిచి బయల్దేరిన ఆడ, మగ పురుగులు అవి. సరిగ్గా ఆ రోజుల్లోనే చీమలు కూడా రెక్కలు తొడుక్కుని ఎగురుతాయి కాబట్టి తికమక వస్తుంది. ఉసిళ్ళకు నాలుగు రెక్కలూ ఒకే పొడవు, ఒకే ఆకారం. ఒంటికి దాదాపు రెట్టింపు పొడవు ఉండి తోక దాటి వెనక్కి వేలాడతాయి. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనక రెక్కలు పొట్టివి. మీ కాగితం మీద రెండు సైజుల రెక్కలు కనిపిస్తే అవి చీమలవి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటే చెదలవి.

చచ్చిన పురుగు ఒక్కటి దొరికినా పని ఇంకా తేలిక. చీమకు నడుము దారమంత సన్నం. ఉసిళ్ళకు నడుమే ఉండదు, మెడ కింది నుంచి తోక దాకా ఒకే లావు. చీమ మీసం మోచెయ్యి మడిచినట్టు మధ్యలో వంగుతుంది; చెద మీసం పూసలు గుచ్చిన దారంలా తిన్నగా ఉంటుంది. పేరుకు పెద్దలు తెల్లచీమలు అన్నా, చెదలకు చీమలతో చుట్టరికం లేదు. వాటి దగ్గర చుట్టాలు బొద్దింకలు. చీమలైతే నిజానికి చెదలకు బద్ధశత్రువులు, చెదలు లోపల నడిచే మట్టి గొట్టం (మీరు చూసిన గీత అదే) ఎక్కడైనా విరిగితే ముందుగా దోచుకోవడానికి వచ్చేవి అవే. విరిగిన గొట్టం దగ్గర చీమల బారు కనిపించి 'ఓహో, ఇవి చీమలే' అని ఊరట పడినవాళ్లను నేను చాలామందిని చూశాను.

పురుగులు లేకుండా రెక్కలే కుప్పగా మిగలడం కూడా ఒక ఆధారమే. నేల మీద వాలగానే ఉసిళ్ళు రెక్కలను వాటంతట అవే రాల్చేస్తాయి. రెక్క మొదట్లో విరిగే గీత ఒకటి పుట్టుకతోనే ఉంటుంది. ఆ తర్వాత జంటలుగా ఏదో సందులోకి పోతాయి. చాలా జంటలు బతకవు, బల్లులూ పక్షులూ వాటిని వదలవు. అందుకని రెక్కలు కనిపించినంత మాత్రాన బెంబేలెత్తక్కరలేదు. ఉసిళ్ళు కర్ర తినవు.

ఇక్కడ అసలు అడగాల్సిన ప్రశ్న వేరు. అవి బయటి నుంచి లోపలికి వచ్చాయా, లోపల పుట్టి బయటికి పోబోయాయా? ఆ రాత్రి కిటికీ తెరిచి, దీపం వేసి ఉంచారా? అయితే బయటి పుట్టలోంచి దీపానికి ఆశపడి వచ్చి ఉండవచ్చు. అప్పుడు రెక్కలు దీపం కింద, తలుపు సందుల్లో చెదురుమదురుగా పడతాయి. కిటికీలన్నీ బిగించి ఉండి, అద్దానికి లోపలి వైపు మాత్రమే కుప్ప పడిందా? అప్పుడవి ఇంట్లోనే ఏ గోడ పగులులోంచో, ఏ ద్వారబంధం సందులోంచో వెలువడి, వెలుతురు వెతుక్కుంటూ అద్దం దగ్గర ఆగిపోయాయన్నమాట. ఇది బరువైన సంగతి. ఒక పుట్ట ఉసిళ్ళను కనే దశకు రావడానికి సాధారణంగా కొన్నేళ్లు పడుతుంది. అంటే మీ గోడలోనో, పునాది కిందో ఉన్నది నిన్న మొన్న వచ్చిన చెద కాదు.

మీ ఉత్తరంలో కిటికీ తెరిచి ఉందో మూసి ఉందో లేదు. గుర్తు చేసుకోండి. మిగతా లెక్కంతా దాని మీద సగం ఆధారపడి ఉంది.

ఇక మట్టి గీత. నేల చెదకు ఒళ్లు మెత్తన, చర్మం పలచన. బయటి గాలి తగిలితే ఎండిపోయి చస్తుంది. అందుకే నేలలోని తేమను వెంట తీసుకుపోయే సొరంగం కట్టుకుంటూ పైకి వస్తుంది. మట్టి, దాని ఉమ్మి, మలం, నమిలిన కర్ర ముక్కలు కలిపి మెత్తిన గొట్టం అది. సాధారణంగా పెన్సిల్ లావు, కొన్నిచోట్ల బొటనవేలంత వెడల్పు. నేల నుంచి తిన్నగా లేచి, చెక్క తగిలే దాకా రాతినీ ఇటుకనూ సిమెంటునూ దాటుకుంటూ పోతుంది. వాటిని తినదు, వాటి మీదుగా నడుస్తుందంతే. ఒక మిల్లీమీటరు సందు దొరికితే చాలు, కాంక్రీటు గచ్చు లోంచైనా పైకి వస్తుంది.

అన్ని గొట్టాలూ ఒకటి కావు. బలంగా, లావుగా, నేల నుంచి చెక్క దాకా ఎడతెగకుండా ఉన్నది రోజూ రాకపోకలు సాగే బాట. సన్నగా, పెళుసుగా, చెట్టు కొమ్మల్లా చీలి ఎక్కడో గోడ మధ్యలో ఆగిపోయినవి మేత వెతుక్కుంటూ వేసిన దారులు. అవి కనిపిస్తే చెద ఇంకా తడుముకుంటోందని అర్థం. పైకప్పు చెక్క నుంచి కిందికి వేలాడే గొట్టం కనిపిస్తే మాత్రం పైన మేత బాగా దొరికి, మళ్లీ నేల తడిని అందుకోవడానికి కిందికి దిగుతోందని లెక్క. ఈ మూడో రకం చూసినప్పుడు నేను మాట మార్చి, ముందు ఆ దూలం కింద ఎవరూ పడుకోవద్దని చెబుతాను.

గొట్టం కాకుండా చెక్క ఉపరితలాన్ని పలచటి మట్టి పొరతో దుప్పటి కప్పినట్టు కప్పేసే చెదలూ ఉన్నాయి. ఆసియా, ఆఫ్రికాల్లో ఇవి ఎక్కువ. నేలలోని గూట్లో ఒక రకం బూజును సాగు చేసి, కొరికి తెచ్చిన కర్రను దానికి మేతగా వేసి, ఆ బూజును తినే జాతులు ఇవి. మట్టి పొరను గోటితో గీరితే కింద చెక్క పైపైన కొరికేసి గరుకుగా ఉంటుంది. చూడటానికి భయంకరంగా ఉన్నా, లోపలే తొలిచేసే రకంతో పోలిస్తే ఇవి కాస్త నిజాయితీ గల దొంగలు, కనీసం కనబడేలా దోస్తాయి.

గోడ మీది మట్టి అంతా చెద కాదు. కుమ్మరి పురుగు కట్టే గూడు చిన్న కుండలా, ముద్దలా ఒకే చోట ఉంటుంది. నేల దాకా దారి ఉండదు. వాన నీరు కారిన మట్టి చార పైనుంచి కిందికి దిగుతుంది, గోటికి పొడిగా రాలిపోతుంది, లోపల బోలు ఉండదు. చెద గొట్టాన్ని విరిస్తే లోపల నున్నటి సొరంగం కనిపిస్తుంది. అందులో పాలిపోయిన, బియ్యపు గింజ కంటే చిన్న పనిచెదలు వెలుతురు పడగానే అటూ ఇటూ పరుగెడతాయి. వాటి మధ్య గోధుమరంగు తల, ముందుకు పొడుచుకొచ్చిన దవడలు ఉన్నవి కావలి చెదలు. విరిగిన చోట తలలు బయటికి పెట్టి నిలబడతాయి. ఒకసారి చూస్తే మర్చిపోరు.

మీ గీత పోయింది కదా అని దిగులు పడకండి. దులిపిన చోట గోడ మీద ఆ గొట్టం అడుగు అంటుకుని ఉంటుంది, సన్నటి మట్టి మరక. దాని రెండు అంచుల వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ఈ రోజు తేదీ వెయ్యండి. ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. రోజూ పొద్దున ఒకసారి చూడండి, ముట్టుకోకండి. చెద ఇంకా ఆ బాట వాడుతూ ఉంటే కొద్ది రోజుల్లోనే పెన్సిల్ గీతల మధ్య తడిమట్టి గొట్టం మళ్లీ లేస్తుంది. కొత్త మట్టి ముదురు రంగులో చెమ్మగా ఉంటుంది, పాతది తెల్లబారి పొడిగా రాలుతుంది. ఇంట్లో ఇంకెక్కడైనా గొట్టం కనబడితే మొత్తం దులపకుండా మధ్యలో 2-3 సెంటీమీటర్లు మాత్రం విరిచి ఇలాగే తేదీ వెయ్యండి.

రెండు వారాలైనా గొట్టం లేవలేదనుకోండి, అప్పుడు చెద పోయిందా? ఈ ప్రశ్న దగ్గరే నేను ఒకసారి బోల్తా పడ్డాను. పనిలో చేరిన కొత్తలో ఒక ఇంట్లో గొట్టం విరిచి చూస్తే ఖాళీగా ఉంది, ఎండిపోయి ఉంది. పాతది, చెద ఎప్పుడో పోయింది అని చెప్పి వచ్చేశాను. మరుసటి ఏడు అదే ఇంటి నుంచి పిలుపు. ఆ గోడకు అవతలి వైపు, గోడకు ఆనించి ఉన్న బట్టల అలమర వెనక చెక్క అంతా తినేసి ఉంది. చెద పోలేదు, దారి మార్చుకుంది, అంతే. గోడకు ఒక వైపే చూసి తీర్పు చెప్పాను. గొట్టం ఖాళీగా ఉంటే ఆ గొట్టం ఖాళీగా ఉందని మాత్రమే అర్థం. అప్పటి నుంచి గోడ రెండో వైపు చూడకుండా ఎవరి ఇంట్లోనూ నోరు విప్పను.

చెక్క దగ్గరికి వద్దాం. ఇక్కడ కళ్ల కంటే చెవి, వేళ్లు పనికొస్తాయి. చెద లోపలి నుంచి తింటుంది, పైపొరను కావాలనే మిగులుస్తుంది. ఆ పలచటి పొరే దాన్ని గాలి నుంచి కాపాడే గోడ. కాబట్టి రంగు వేసిన ద్వారబంధం పైకి నవనవలాడుతూ ఉండి లోపల డొల్ల కావచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో నేల దగ్గర నుంచి పైకి, జానెడు జానెడు దూరంలో తడుతూ పోండి. గట్టి చెక్క టక్కుమని పొట్టిగా పలుకుతుంది. తిన్న చెక్క డబ్బాను తట్టినట్టు బోలుగా పలుకుతుంది. ముఖ్యం ఏమిటంటే ఒకే చెక్క మీద చప్పుడు ఎక్కడ మారిందో వినాలి. అక్కడ ఒక చాక్‌పీసు గుర్తు పెట్టండి. ఆ గుర్తులు కలిపితే చెద ఎంత ఎత్తుకు ఎక్కిందో పటం వచ్చేస్తుంది.

డొల్లగా పలికిన చోట స్క్రూడ్రైవర్ మొనను మెల్లగా నొక్కండి. ఒక ఇంట్లో అప్పుడే రంగు వేసి ఆరిన ద్వారబంధం చూశాను. రంగు అద్దంలా మెరుస్తోంది. నేలకు బెత్తెడు ఎత్తున ఒక చోట రంగు పొర కాస్త ముడతపడినట్టు, వేలికి ఉబ్బెత్తుగా తగిలింది. బొటనవేలితో నొక్కితే చర్మం మీద బొబ్బ పగిలినట్టు లోపలికి పోయింది. టార్చిలైటు వేసి చూస్తే చెక్క స్థానంలో పుస్తకం పేజీల్లా నిలువు రేకులు, రేకుల మధ్య ఎండిన మట్టి పిడచలు. కర్రలో ప్రతి ఏటి వలయానికీ మెత్తటి భాగం, గట్టి భాగం ఉంటాయి; నేల చెద ఈనె వెంబడి మెత్తటిది తినేసి గట్టిది వదిలేస్తుంది. అందుకే ఆ రేకులు. మట్టి పిడచలు ఉన్నాయంటే నేల చెద. తడికి కుళ్లిన చెక్క కూడా మెత్తబడుతుంది గానీ అందులో మట్టి ఉండదు. అది ఘనాల్లా పగిలి గానీ, పీచులా విడిపోయి గానీ కనిపిస్తుంది. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి, ఎందుకంటే రెండిటికీ కావాల్సింది తేమే.

ఇప్పటిదాకా చెప్పినదంతా నేల నుంచి వచ్చే చెద సంగతి. మట్టితో సంబంధమే లేకుండా పొడి చెక్కలోనే పుట్టి, అందులోనే కాపురం చేసే చెదలు వేరే ఉన్నాయి. వాటికి గొట్టాలు అక్కరలేదు, నేలతో పని లేదు, చెక్కలో ఉన్న కొద్దిపాటి తేమ చాలు. కుర్చీ కాల్లో, మంచం పట్టెలో, గోడకు కొట్టిన చెక్కలో ఒక కుటుంబం ఏళ్ల తరబడి ఉండిపోగలదు. నేల చెదల పుట్టలో లక్షల పురుగులు ఉంటే ఇక్కడ కొన్ని వేలే, కాబట్టి నష్టం నెమ్మదిగా జరుగుతుంది. దీని జాడ ఒక్కటే, కానీ తిరుగులేనిది: చెక్క కింద చిన్న కుప్పగా పడే గింజలు. దూరం నుంచి ముతక ఇసుకలా, రంపపు పొట్టులా కనిపిస్తాయి. భూతద్దం పట్టి చూడండి. ఒక్కొక్క గింజ దాదాపు ఒక మిల్లీమీటరు పొడవు, కొసలు గుండ్రన, పక్కలు ఆరు పలకలు. ఈ చెద మలంలోని తడిని కూడా వదలకుండా పిండుకుని, మిగిలిన పిప్పిని అలా గింజ కట్టి, చెక్కకు సన్నటి బెజ్జం చేసి బయటికి నెట్టేస్తుంది. తర్వాత బెజ్జం పూడ్చేస్తుంది. అందుకే కుప్ప కనిపించినా రంధ్రం కనిపించదు.

ఇలాంటి నుసిని మూడు రకాల పురుగులు రాలుస్తాయి, వేళ్ల మధ్య రాస్తే తేడా తెలుస్తుంది. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉండి, పైన గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే అది కర్ర తొలిచే పెంకుపురుగు. ముతక పీచు, దాంతో పాటు చచ్చిన పురుగుల కాళ్లు, తలలు కలిసి ఉంటే చెక్కలో గూడు కట్టుకునే పెద్ద చీమలు; అవి కర్రను తినవు, తవ్వి బయట పోస్తాయి. గరగరలాడే ఆరుపలకల గింజలైతేనే పొడిచెక్క చెద. చికిత్స మూడిటికీ వేర్వేరు కాబట్టి ఈ రెండు నిమిషాల పరీక్ష మానకండి. కుప్పను ఊడ్చి, అక్కడ తెల్ల కాగితం పరిచి, పది రోజుల్లో మళ్లీ పడుతుందేమో చూడండి. ఆ మధ్యలో ఆ సామాను జరిపారా, సుత్తితో ఏదైనా కొట్టారా అన్నది కూడా గుర్తుంచుకోండి. పురుగు పోయిన పాత చెక్కలో నిలిచిపోయిన గింజలు కుదుపుకు రాలతాయి.

ఇంట్లో ఎక్కడ వెతకాలి? ఇక్కడ చాలామంది గదుల వరసలో వెతుకుతారు. నేను నీళ్ల వరసలో వెతుకుతాను. ముందు స్నానాల గది గోడకు అవతలి వైపు. తర్వాత గోడలోకి గొట్టాలు దూరే రంధ్రాలు, చేతులు కడిగే సింకు కింది అర, నీళ్లు నిలిచే పెరటి వైపు గోడ అడుగు, మొక్కలకు నీళ్లు పోసే చోటు. ఆ తర్వాత ఎవరూ కదపని మూలలు: మెట్ల కింద పేర్చిన అట్టపెట్టెలు, గోడకు తగిలించిన అలమరల వీపు, అటక మీది పాత చెక్క సామాను. స్విచ్ బోర్డు పెట్టె మూత సందులో మట్టి కనిపిస్తే గోడలోని వైర్ల పైపు వెంట చెద ఎక్కిందన్నమాట. మూత మీరు విప్పకండి, కరెంటు పనివాడిని పిలవండి. ఇంటి బయట చుట్టూ ఒకసారి నడవండి. గోడకు ఆనించి పేర్చిన కర్రలు, నేలలో పాతిన చెక్క గుంజ, తోటలో కొట్టేసిన చెట్టు మొద్దు, పునాదిని కప్పేసేంత ఎత్తున పోసిన మట్టి, ఇవన్నీ చెదకు వేసిన మెట్లు. మీ ఇంట్లో గీత గుమ్మం పక్కన లేచింది కాబట్టి ఆ గుమ్మం బయట ఏముందో ముందు చూడండి.

పుస్తకాల అర ఉంటే అన్నిటికంటే కింది వరసలో, గోడకు తగిలే చివరి పుస్తకం లాగండి. చెద పుస్తకంలోకి అట్ట వైపు నుంచి గానీ కింది నుంచి గానీ వస్తుంది, లోపల గతుకుల గుంట తవ్వి మట్టి మెత్తి పోతుంది. సూది గుచ్చినట్టు గుండ్రటి చిన్న బెజ్జాలు మాత్రమే ఉంటే అది వేరే పురుగు పని. దస్తావేజులు, ధ్రువపత్రాలు అట్టపెట్టెలో నేల మీద ఉంటే ఈ రోజే పైకి తీయండి. తలుపు పోతే కొత్తది చేయించుకోవచ్చు.

చప్పుడు గురించి అడిగేవాళ్లుంటారు. నిజమే, కదిలిస్తే కావలి చెదలు తలను చెక్కకు కొట్టి మిగతావాటిని హెచ్చరిస్తాయి; రాత్రి నిశ్శబ్దంలో డొల్లబారిన చెక్కకు చెవి ఆనిస్తే గలగలమని సన్నగా వినిపించవచ్చు. అలా వినిపిస్తే ఆధారమే. వినిపించకపోవడం మాత్రం దేనికీ ఆధారం కాదు.

కొన్ని గుర్తులను చెదల ఖాతాలో అనవసరంగా వేస్తారు. తలుపు బిగుసుకుపోవడం అందులో మొదటిది. చెద పట్టిన చోట తేమ చేరి చెక్క ఉబ్బడం, చట్రం వంగడం జరుగుతుంది, కాదనను. కానీ వానాకాలంలో మంచి తలుపు కూడా ఉబ్బుతుంది. గోడ రంగు పొక్కడం సంగతీ అంతే. చాలాసార్లు అది గోడ చెమ్మ. ఇలాంటివి ఒంటరిగా కనిపిస్తే నీళ్ల కారడం వెతకండి. మట్టి, రెక్కలు, గింజలు, డొల్ల చప్పుడు, వీటిలో ఒకటి తోడైతే అప్పుడు చెదను అనుమానించండి. చెమ్మ దొరికితే దాన్ని బాగు చేయించడం ఎలాగూ వృథా పోదు.

'మాది కాంక్రీటు ఇల్లు', 'మాది పై అంతస్తు', 'మా తలుపులు టేకువి' అనే ధీమా కూడా వదులుకోండి. కాంక్రీటు పగుళ్ల సంగతి చెప్పాను. పై అంతస్తులో నీళ్లు కారే గోడ దొరికితే నేలకు దిగకుండానే గూడు పెట్టుకునే జాతులున్నాయి. టేకు చేవకు చెద అంత తేలిగ్గా నోరు పెట్టదు, నిజం. కానీ చేవ చుట్టూ ఉండే తెల్లటి కలపకు ఆ బలం లేదు, తలుపుల్లో రెండూ కలిసే వస్తాయి. పాతకాలపు వడ్రంగులు తెల్లకలప చెక్కేసి చేవ మాత్రమే వాడటం ఊరికే కాదు.

చెద ఖాయమని తేలితే మొదట చేయకూడనివి చెబుతాను. కనిపించిన చోటల్లా దుకాణంలో దొరికే పురుగుల స్ప్రే కొట్టకండి, కిరోసిన్ అసలు పోయకండి. కిరోసిన్ నిప్పంటుకునే సరుకు, అందులోనూ స్విచ్ బోర్డు పక్కన. మామూలు స్ప్రేల ఘాటుకు చెద ఆ వైపు మానేసి మరో సందు వెతుక్కుంటుంది. మీరు చంపింది కొన్ని వందలను, మిగతా లక్షలు నేలలో క్షేమం. వృత్తిగా చేసేవాళ్లు నేలలోకి, గోడ అడుగున రంధ్రాల్లోకి ఎక్కించే ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులను చెద పసిగట్టలేదు. అందులోంచి నడిచి, ఒకదాన్నొకటి నాకుతూ మిగతావాటికి అంటిస్తుంది. ఎర పెట్టె పద్ధతి ఇంకొకటి ఉంది. అందులో మందు చెదను కుబుసం విడవనివ్వదు, నెమ్మదిగా పుట్ట మొత్తాన్ని తుడిచేస్తుంది. ఏది మీ ఇంటికి సరిపోతుందో నేల, పునాది చూసి తేల్చాలి. పొడిచెక్క చెద అయితే నేలలో మందు పోసి లాభం లేదు, ఆ చెక్కకే చికిత్స చెయ్యాలి. అందుకే ఏ చెదో తేల్చుకోమని ఇంతసేపు చెప్పింది.

తనిఖీకి వచ్చినవాడిని అంచనా వేయడానికి నా కొలత ఒకటే. గీత చూపించగానే అక్కడే నిలబడి ఖర్చు చెప్పేవాడిని పంపేయండి. ఇల్లు చుట్టూ నడిచి, గోడ రెండో వైపు చూసి, నీళ్లు ఎక్కడ కారుతున్నాయని అడిగేవాడికి పని తెలుసు. థర్మల్ కెమెరా తెస్తే మంచిదే, కానీ అది చూపించేది వేడి తేడాను. చెద పేరు రాసి చూపించదు. ఆ చోట తట్టి, అవసరమైతే తెరిచి చూడాల్సిందే. ఏ చెద, ఎక్కడి నుంచి ఎక్కింది, ఎంత మేర తిన్నది, ఈ మూడూ కాగితం మీద రాసివ్వమనండి. పైకప్పు మోసే దూలాలో, మెట్ల చట్రమో డొల్లగా పలికితే మాత్రం మందు సంగతి తర్వాత, ముందు కట్టడాలు తెలిసిన ఇంజినీరును పిలిచి కింద ఆధారం పెట్టించండి.

మీ ఇంటి వరకు ఈ రోజు చేయాల్సింది కొంచెమే. మరకకు పెన్సిల్ గీత, తేదీ. ద్వారబంధం రెండు కాళ్లనూ కింది నుంచి పైదాకా తట్టి చాక్‌పీసు గుర్తులు. ఆ గోడ అవతలి వైపు ఏదైనా అలమర ఉంటే బెత్తెడు ముందుకు జరిపి టార్చిలైటుతో చూడండి. గుమ్మం బయట నేలకు తగిలే చెక్క, నీరు నిలిచే గుంట ఉన్నాయేమో చూసి రాయండి. రెక్కలు పడిన రాత్రి ఆ కిటికీ తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది మాత్రం మర్చిపోకుండా చెప్పండి. మూసి ఉంటే గొట్టం మళ్లీ లేస్తుందా అని రెండు వారాలు ఆగనక్కరలేదు, రేపే ఎవరినైనా పిలవండి.